గోడ అవతల స్టేషన్

ఆయన పోయారన్న మెసేజ్ వచ్చేసరికి నేను మెట్రోలో తలుపు పక్కన నిలబడి ఉన్నాను. "మా నాయన ఈ పొద్దున పోయినాడు మేడమ్. మూడో రోజు ఇంటి దగ్గరే" అని వాళ్లబ్బాయి పెట్టాడు. పెట్టింది ఆయన ఫోన్ నుంచే. నా ఫోన్‌లో ఆ నంబరు ‘గోడ పెద్దనాయన’ అన్న పేరుతో ఉంది. ఆ పేరుతో అంతకు ముందు వచ్చిన ఫోన్‌ను నేను ఎత్తలేదు. సాయంత్రం చేద్దాంలే అనుకున్నాను. మూడు వారాలైనా ఆ సాయంత్రం రాలేదు.

నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది, పోయింది. తర్వాతదీ పోయింది.

ఆయన్ని తలుచుకుంటే కూర్చున్న మనిషి గుర్తుకు రారు. కుర్చీ చూపిస్తే దాని వీపు మీద చెయ్యేసి నిలబడేవారు. నిలబడ్డా కుదురు లేదు, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉండేది. కాఫీ గ్లాసు ఊదుకుంటూ గదిలో రెండు చుట్లు తిరిగేవారు. ముప్పై ఏళ్లకు పైగా పీణ్య పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద టర్నర్ పని చేసిన మనిషి. పొద్దంతా నిలబడే పని. "ఈ కాళ్లకు కూర్చునేది ఎవరూ నేర్పించలేదప్పా" అనేవారు. చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు ఉండేది. పని మానేసినా స్కేలు మానలేదు. మాటల మధ్యలో దాన్ని తీసి బల్ల అంచునో, పళ్లెంలో దోసె మందాన్నో కొలిచి మళ్లీ జేబులో వేసుకునేవారు. ఎంత వచ్చిందో పైకి చెప్పేవారు కారు. తనకు తెలిస్తే చాలు. ఎడమచేతి చూపుడువేలికి కొన లేదు. ఏదైనా నునుపో గరుకో చూడాలంటే ఆ మొండివేలితోనే తడిమేవారు. మెట్లను, తలుపులను, గోడలను. ఒకరోజు నా మ్యాపును.

నేను పట్టణ ప్రణాళికలు తయారుచేసే ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తాను. మా ఆఫీసు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో. నాలుగేళ్ల కిందట మాకు వచ్చిన పని ఇది: ప్రతి మెట్రో స్టేషన్ చుట్టూ ఐదు వందల మీటర్ల లోపల ఉన్న స్థలాల్లో మామూలుకంటే ఎక్కువ అంతస్తులు కట్టుకోనివ్వాలి, ఆ హద్దులు మ్యాపుల మీద చూపించాలి. రైలు దగ్గర ఎక్కువమంది ఉంటే రోడ్డు మీద బండ్లు తగ్గుతాయన్నది ఆలోచన. మంచి ఆలోచనే. ఇప్పటికీ అదే అంటాను. కంప్యూటర్‌లో స్టేషన్ మీద చుక్క పెట్టి, చుట్టూ గుండ్రం గీయడానికి నాకు అర నిమిషం పట్టేది.

ముసాయిదా మ్యాపులను జనం చూడడానికి ఒక హాల్లో గోడలకు తగిలించారు. అడిగినవాళ్లకు చెప్పడానికి నన్ను పక్కన నిలబెట్టారు. వచ్చినవాళ్లు తమ ఇల్లు వెతుక్కునేవారు. గుండ్రం లోపల ఉంటే ఫోన్ తీసి ఎవరికో చెప్పేవారు. అంగుళం బయట ఉంటే నా మొహం చూసేవారు, గీత కొంచెం జరపమన్నట్టు.

ఆయన వచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. స్కేలు తీసి స్టేషన్ చుక్క నుంచి తమ వీధి దాకా ఆనించి చూశారు. మూల ఉన్న కొలమానం చూశారు. మొండివేలితో ఆ దారంతా ఒకసారి తడిమారు.

"ఈ గుండ్రం నువ్వే గీసినావా పాపా?"

అవునన్నాను. నేను తెలుగుదాన్నని ఎలా తెలిసిందని అడిగితే, "ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడినా ‘అబ్బా’ అని తెలుగులోనే అంటివి కదా" అన్నారు. మాది కర్నూలు దగ్గరని చెప్పాను. వాళ్లది బాగేపల్లి తట్టు.

"కొలత సరిగ్గానే ఉండాది. నాలుగొందల పది మీటర్లు. కానీ ఇది కాకిలెక్క."

నాకు కోపం వచ్చింది. కాకిలెక్క అంటే దొంగలెక్క కదా. అది గమనించి ఆయన నవ్వలేదు, మాట వెనక్కీ తీసుకోలేదు.

"కాకికి గోడ అడ్డం రాదు, రాజకాలువ అడ్డం రాదు. నేను యెట్ల పోవల్ల స్టేషనుకు? ఒకసారి వచ్చి నడిచి చూడు. నీ కాలు చెప్తాది."

"వస్తాను అంకుల్."

"అంకుల్ ఏంది? మీ తట్టు పెద్దోళ్లను ఏమంటారు? పెద్దనాయన అనరా? అట్ల అను."

వస్తానన్నది మాట వరసకే. ఆయన మాత్రం మర్నాటి నుంచి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. "ఎప్పుడు వస్తాండావు పాపా?" అంతే, పెట్టేసేవారు. ఐదో రోజుకు ఇక తప్పించుకోలేక శనివారం వెళ్లాను.

ఇరవై ముప్పై ఇళ్ల సైట్లు ఉన్న సందు, చివర ఆయన ఇల్లు. చెప్పులు విడవనివ్వకుండానే మేడ మీదికి తీసుకుపోయారు. పైనుంచి చూస్తే స్టేషన్ చేతికి అందేటట్టే ఉంది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఒకామె చీర రంగు కూడా తెలుస్తోంది. మధ్యలో రాజకాలువ. ఊరి వాన నీళ్లన్నీ పోయే పెద్ద కాలువ అది. దాని అవతల మూతపడిన ఫ్యాక్టరీ ప్రహరీ, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఒకప్పుడు కాలువ మీద రెండు రాతిబండలు, గోడకు ఒక సందు ఉండేవట. షిఫ్టు దిగినవాళ్లు, గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్లు అందరూ దాంట్లోంచే. మెట్రో వచ్చి స్థలం విలువ పెరిగాక ఫ్యాక్టరీవాళ్లు ఆ సందు కట్టేశారు. బండలు కూడా లేవు.

"ఇప్పుడు నడుస్తాం పద" అన్నారు.

ఆయన నడక నడక కాదు. నేను సగం పరుగెత్తాను. సందు దాటి, స్క్రూలు, నట్లు చేసే చిన్న షెడ్ల మధ్య నుంచి, పలకలు ఊడిన కాలువగట్టు మీద ఒక్కొక్కరుగా, తర్వాత లారీలు మలుపు తిరిగే పెద్ద రోడ్డు, అక్కడ దాటడానికి దారి లేక మళ్లీ వెనక్కి, ఫ్లైఓవర్ కింద, ఇంకో వైపు నుంచి స్టేషన్ మెట్లు. ఒక లారీ దుమ్ము నా నోట్లోకి పోయింది. ఆయన అడుగులు లెక్కపెడుతూ పెదవులు కదుపుతున్నారు. మెట్ల దగ్గర ఆగి నావైపు తిరిగారు.

"రెండువేల నూట నలభై. నిన్న రెండువేల నూట ముప్పై ఆరు వచ్చినాయి. నీకోసరం సొల్ప నిదానంగా నడిచినా."

ఆయాసం తగ్గాక అడిగాను, "అయితే మీరు మేడలు వద్దంటారా పెద్దనాయనా?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "ఎందుకు వద్దంటాను? మేమూ ఒకప్పుడు వచ్చినోళ్లమే కదా. పదిమంది వస్తే రానీ. కానీ ముందు దారి ఇయ్యల్ల, తర్వాత అంతస్తులు ఇయ్యల్ల. గోడకు ఒక గేటు, కాలువ మీద ఒక చిన్న బ్రిడ్జి, అంతే నేనడిగేది. అది లేకుండా మా సందులో ఆరంతస్తులు లేపితే ఏమైతాది? స్టేషన్ పక్కనే ఇల్లు కొన్నోడు స్టేషనుకు పోయేకి కారు కొంటాడు. మా సందులో రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవల్ల."

తిరిగి వచ్చేసరికి వాళ్లబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. మహదేవపురలో ఏదో కంపెనీలో ఉద్యోగం, రోజూ రెండు గంటలు పోవడం, రెండు గంటలు రావడం. నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, మీరైనా చెప్పండి మా నాయనకు. నాలుగు సైట్లు కలిపి ఇస్తే బిల్డర్ అపార్ట్‌మెంట్ కడతానంటాడు, అందులో మాకు రెండు ఫ్లాట్లు. సందులో అందరూ ఓకే అన్నారు. అడుగుల లెక్క అని ఈయన పట్టుకున్నాడంటే మా సందే ఆ గుండ్రం బయటికి పోతుంది కదా? సొంత కొంప మీదికి ఎవరైనా తెచ్చుకుంటారా?"

లోపలి నుంచి ఆయన గొంతు వినబడింది. "కొలత అంటే మనకొకటి, పక్కోడికొకటి ఉండదు రా."

అబ్బాయి చెప్పింది నిజమే. సోమవారం ఆఫీసులో ఎవరూ అడగకుండానే నేను ఇంకో మ్యాపు చేశాను. గుండ్రం తీసేసి, మనిషి నిజంగా నడవగల రోడ్ల వెంట ఐదు వందల మీటర్లు లెక్కకట్టాను. వచ్చిన ఆకారం పురుగు తిన్న తమలపాకులా ఉంది. ఆయన సందు దానికి చాలా దూరంలో ఉండిపోయింది. మేనేజర్‌కు చూపించాను. రెండు నిమిషాలు శ్రద్ధగా చూసి, "చాలా బాగుంది. కానీ మనల్ని అడిగింది ఇది కాదు" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఫైలు మూసేసి నాకు టీ చెప్పారు.

అభ్యంతరాలు వినే రోజు వచ్చింది. హాలు నిండా జనం. ఆ సందువాళ్లు పది పన్నెండుమంది ఒక వరసలో కూర్చున్నారు. ఆయన వాళ్లతో లేరు, వెనక గోడ దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నారు. పేరు పిలవగానే ముందుకొచ్చి కన్నడంలో చెప్పారు, చిన్నగా, స్పష్టంగా. ముందు దారి, తర్వాత అంతస్తులు. దూరం కాలితో కొలవాలి. వెనక వరసలో ఎవరో "ఈయనొక్కడికే కాళ్లున్నాయా" అన్నారు. నవ్వారు కొందరు.

ఆయన తిరిగి చూడలేదు. నావైపు చెయ్యి చూపించి, "ఆ మేడమ్ నాతో నడిచింది సార్. అడగండి" అన్నారు.

అధికారి నన్ను చూశారు. మేనేజర్ నా పక్కనే ఉన్నారు. నా చేతిలో మ్యాపు చూపించే కర్ర ఉంది.

"సర్, నిబంధనలో ఉన్నది తిన్నని దూరమే. దాని ప్రకారం మ్యాపు సరిగ్గానే ఉంది" అన్నాను.

"మీరు అక్కడ నడిచారా?"

"ఆ ప్రాంతం చూశాను సర్."

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. నాకు తెలిసి నేను చెప్పిన అతి పెద్ద అబద్ధం అదే. మ్యాపు మీద ఆనించిన కర్ర కొన టకటకమని కొట్టుకుంటోంది. దాన్ని కిందికి దించాను. అధికారి ఏదో రాసుకుని తర్వాతి పేరు పిలిచారు. ఆయన వెనక్కి నడిచి, ఖాళీగా ఉన్న ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఆయన కూర్చోగా చూడడం నాకు అదే మొదలు.

బయట ఆయన్ని తప్పించుకుని పోదామని చూశాను. రెండు టీ గ్లాసులు పట్టుకుని ఎదురొచ్చారు. "తాగు పాపా. హాల్లో యెంతసేపు నిలబడితివో." నేను ఏదో చెప్పబోయాను. "ఉద్యోగం కదా" అన్నారు. అందులో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది. నేను టీ తాగలేకపోయాను. ఆయన నిలబడే తాగి, నడుచుకుంటూ వెళ్లిపోయారు.

గుండ్రం గుండ్రంగానే ఉండిపోయింది. సందులో నాలుగు సైట్లు కలిశాయి. ఆయన సైటు అందులో లేదు. ఆయన సంతకం పెట్టలేదు, బిల్డర్ దాని బదులు ఇంకో ఇల్లు కలుపుకున్నాడు. కొడుకు మాట్లాడడం మానేసి మహదేవపురలో అద్దెకు వెళ్లిపోయాడు. సందులోవాళ్లు గృహప్రవేశాలకు పిలవడం మానేశారు. ఇవన్నీ నాకు ఆయన చెప్పలేదు, వాళ్ల ఆవిడ ఒకసారి ఫోన్లో చెప్పింది. ఆయన ఫోన్ చేసేది గోడ గురించే. "ఈ పొద్దు సర్వేయరు వచ్చినాడు పాపా, టేపు మొదటి కొక్కెం వంగిపోయుండాది, కొత్తది తెమ్మని చెప్పినా." "అర్జీ పై ఆఫీసుకు పోయిందంట." ఒకసారి, "ఫ్యాక్టరీ వాచ్‌మన్ మన తట్టోడే, గోడ వెంబడి నడవనిచ్చినాడు" అని సంబరంగా చెప్పారు. హియరింగ్ ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి తిడతారేమోనని ప్రతిసారీ ఎదురుచూసేదాన్ని. తిట్టకపోయేసరికి ఫోన్ మోగితే ఆ పేరునే చూస్తూ కూర్చునేదాన్ని. మెల్లగా ఎత్తడం తగ్గించాను. ఈలోపు వేరే స్టేషన్లు, వేరే గుండ్రాలు. గీయడానికి అర నిమిషమే, కానీ ఒక్కోసారి వేలు మౌస్ మీదే ఆగిపోయేది. లేచి కారిడార్లో తిరిగి వచ్చేదాన్ని.

మూడో రోజు వెళ్లాను. ఆటో సందులోకి పోలేదు. రెండు వైపులా కార్లు. కొత్త అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తుంటే మూడు బండ్లు హారన్ కొడుతున్నాయి. పక్కకు తిరిగి గోడకు ఒరుసుకుంటూ ఇంటి దాకా నడిచాను.

ఇంట్లో వాళ్ల ఆవిడ చాప మీద ఉంది. ఆయనకు ఊపిరితిత్తుల జబ్బట. ఆయన ఎవరికీ చెప్పనివ్వలేదట. కాసేపు కూర్చున్నాను. ఇక ఆగలేక అన్నాను, "పెద్దమ్మా, ఆరోజు హియరింగ్‌లో నేను పెద్దనాయన పక్షాన నిజం చెప్పలేదు."

"తెలుసు పాపా. ఇంటికొచ్చి చెప్పినాడు."

"తిట్టారా?"

"తిట్టేకి ఏముండాది? ‘మ్యాపు మీద ఆ పాప చెయ్యి వణికింది, చూసినాను’ అన్నాడు. ‘వణికే మిషన్‌కు భయం లేదు. లోపల యాడో బోల్టు లూజుండాదని అదే చెప్తాంది. వణక్కుండా తప్పు కోస్తాదే, దాన్ని నమ్మకూడదు’ అన్నాడు. ఆయన మాటలన్నీ మిషన్ మాటలే. నాకేం తెలుస్తాది?"

నేను తల దించుకున్నాను. ఆ మాట విని మనసు తేలిక పడలేదు. బోల్టు ఇంకా లూజుగానే ఉంది కదా.

కొడుకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది. ఆయన పడకేశాక మళ్లీ ఇక్కడికే వచ్చేశాడట.

"ఆస్పత్రికి కారులో పోదామంటే సందులోంచి బయటపడేకే అర్ధగంట మేడమ్. మెట్రోలోనే పోతాం, నడుస్తానన్నాడు. మూడు చోట్ల ఆగినాడు. ఫ్లైఓవర్ కింద కూర్చుండిపోయినాడు. నేను ఎత్తుకోని మెట్లెక్కినాను. అప్పుడు కూడా అడుగులు లెక్కపెడతాండాడు, నా చెవిలో. మధ్యలో తప్పిపోయినాడు. నేను అందుకోలేకపోయినా. ఎంతవరకు వచ్చినాడో నాకు తెలీలేదు."

అతని చేతిలో కాగితాల కట్ట ఉంది. గోడకు గేటు, కాలువ మీద బ్రిడ్జి కావాలన్న అర్జీ. సంతకాలు చాలా ఉన్నాయి. సగం కొత్త అపార్ట్‌మెంట్ వాళ్లవే. స్టేషన్ పక్కనే అని చెబితే కొన్నవాళ్లు, ఇప్పుడు రోజూ చుట్టు తిరుగుతున్నవాళ్లు. హారన్లు కొట్టేదీ వాళ్లే.

"మీరు ఈ ఏరియా కాదు కదా, మీ సంతకం చెల్లుతుందో లేదో" అన్నాడు.

కాగితం తీసుకున్నాను. పేరు రాశాను. ఇంటి నంబరు అన్న గడిలో ఆఫీసు పేరు, నా హోదా రాశాను. పక్కన ఖాళీలో, ‘ఈ స్టేషన్ మ్యాపు గీసింది నేనే. ఈ దారి నడిచి చూశాను. మ్యాపులో చూపిన దూరంలో మనిషి స్టేషన్ చేరలేడు’ అని రాసి సంతకం చేశాను. చెయ్యి వణికిందో లేదో చూసుకోలేదు.

అతను చదివి తలెత్తాడు. "ఇది రాస్తే మీ ఉద్యోగానికి ప్రాబ్లమ్ కదా మేడమ్?"

"కావచ్చు" అన్నాను. "ఈ అర్జీ మీద ఎప్పుడు వింటారట?"

"మంగళవారం. పదకొండు గంటలకు."

"నన్ను మొదటే పిలవమని చెప్పు. ఎవరూ అడగకపోయినా పిలవమను."